వఫ్రా చంద్రుడిలో ఒంటె

కువైట్‌లోని వఫ్రా తోటల్లో టమాటాలు పండించే గురప్ప నోరు తెరిస్తే వచ్చే మాటల్లో సగానికి కొమ్ములుండేవి, తక్కిన సగానికి రెక్కలుండేవి. అక్కడి ఎండకు టమాటాలు తీగ మీదే పులుసైపోతాయనీ, కింద గిన్నె పట్టుకోవడమే తమ ఉద్యోగమనీ రాయచోటికి ఫోన్ చేసి చెప్పేవాడు. అవతల తొమ్మిదేళ్ల కూతురు అరుణజ్యోతి ఊపిరి బిగబట్టి వినేది.

అలాంటి ఊపులోనే ఒకరోజు, ఇక్కడి చంద్రుడిలో కుందేలు ఉండదనీ, ఒంటె ఉంటుందనీ చెప్పాడు. ఆ పిల్ల దాన్ని బడికి మోసుకుపోయింది. క్లాసంతా నవ్వింది. పున్నమి దాటగానే ఫొటో చూపిస్తానని పందెం వేసి ఇంటికొచ్చింది.

“మా నాయన అబద్ధాలకోరు అంటాండారు నాయనా. నువ్వు ఫొటో పంపకుంటే నేనింగ బడికి పోను.”

“పంపుతాలేమ్మా,” అని ఫోన్ పెట్టేశాడు గురప్ప. ఆరేళ్లుగా ఆ పిల్లకు తండ్రంటే ఫోన్లోని గొంతే. అదీ ఉత్తదని తేలితే ఇంకేం మిగులుతుంది? ఫొటో అంటూ ఉంటే, అందులోని మచ్చల్లో ఎక్కడో ఒక మూపురం చూపించి గట్టెక్కవచ్చనుకున్నాడు.

కెమెరాకు లోటు లేదు. వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు; ఆ కఫీల్ కొడుకు కొత్తది కొనుక్కున్నాక, పాతదాన్ని పొడవాటి లెన్సుతో సహా గురప్ప చేతిలో పెట్టి “ఖలాస్, ఇక నీదే” అనేశాడు. గురప్ప దాన్ని తువ్వాల్లో చుట్టి దాచుకున్నాడు. రాత్రి కదా అని నైట్ మోడ్ పెట్టాడు. చంద్రుడు దూరం కదా అని ఫ్లాష్ కూడా వేశాడు. రెండు రోజులు తీస్తే తెల్లగా అలుక్కుపోయిన నలభై ఇడ్లీలు వచ్చాయి, చంద్రుడు ఒక్కడూ రాలేదు.

పున్నమి సాయంత్రం టమాటాల లోడు కోసం బండి తెచ్చాడు అసిఫ్. కడపలో ఉన్నప్పుడు ఫొటో స్టూడియోలో పనిచేసినవాడు.

“ఏంది గురప్పన్నా, చంద్రునికి ఫ్లాష్ కొడ్తాండావా? ఆయప్ప కండ్లు మూసుకుంటాడేమో చూడు!”

“ఎగతాళి ఆపు అసిఫూ. చీకట్లో తీయాలంటే వెలుతురు కావల్ల గదా?”

“చీకటి మనకే. ఆయన ఎండలో నిలబడి ఉండాడు. పట్టపగలు నిన్ను తీసినట్టే ఆయన్నీ తీయాల.”

అసిఫ్ ఫ్లాష్ మూసేశాడు. డయలు మాన్యువల్‌కు తిప్పాడు. ఐఎస్ఓ వంద, అపర్చర్ పదకొండు, షట్టర్ సెకనులో నూట ఇరవై అయిదో వంతు. ఆటో ఫోకస్ తీసేసి, తెర మీద చంద్రుణ్ణి పెద్దది చేసి, అంచు కత్తిలా తేలేదాకా రింగు తిప్పాడు. టమాటా పెట్టెలు నాలుగు పేర్చి, పైన తువ్వాలు పరిచి కెమెరా పెట్టాడు. వేలి అదురుకు కూడా కదులుతుందని రెండు సెకన్ల టైమర్ పెట్టాడు.

క్లిక్.

గుంటలు, గీతలు అన్నీ తేటగా పడ్డాయి. రెండు చెవులతో కుందేలూ అంతే తేటగా పడింది.

“దీన్ని కొంచెం ఒంటె చేయలేమా అసిఫూ?”

“సెట్టింగుల్లో అది లేదన్నా.”

ఇడ్లీ ఫొటో ఒకటి పంపి, ఇసుకగాలి అని తప్పించుకోవచ్చు. గురప్ప వేలు ఆ ఫొటో దాకా వెళ్లింది కూడా. కానీ ఇంత అందమైన నిజాన్ని దాచడానికి అతనికి చేతులు రాలేదు. కుందేలు ఫొటోనే పంపి, గొంతు సవరించుకుని వాయిస్ పెట్టాడు: “అమ్మా, ఒంటె లేదు. నాయన ఉత్తినే చెప్పినాడు. నవ్వేటోళ్లను నన్ను చూసి నవ్వమను.”

మర్నాడు సాయంత్రం ఫోన్ మోగింది.

“ఒంటె ఉండాది నాయనా! బడి పిల్లోళ్లకంతా చూపిస్తి. పొద్దంతా నడిచి, కాళ్లు ముడుచుకోని పండుకునింది. పైన ఉండేటివి చెవులు గాదు, దాని మీద కూర్చున్న ఇద్దరు మనుషులు.”

“ఎవురమ్మా వాళ్లు?”

“ముందర నువ్వు, ఎనక నేను.”

గురప్ప ఫొటో తెరిచి, ముందు ఒకరినీ వెనక ఒకరినీ వేలితో లెక్కపెట్టుకున్నాడు.

తరువాతి లోడుకు అసిఫ్ వచ్చేసరికి, ఏరి ఏరి కోసిన టమాటాల పెట్టె ఒకటి డ్రైవరు సీటు పక్కన కూర్చుని ఉంది.

“ఇదెందుకన్నా?”

“ఒంటెను అంత బాగా తీసిచ్చినావు గదప్పా.”

“అది కుందేలు గదన్నా!”

“సరిగ్గా చూడు,” అన్నాడు గురప్ప తువ్వాలుతో లెన్సు తుడుస్తూ, “పండుకోని ఉండాది.”