నోవహు ఓడ పక్కన తెప్ప

2012 ఫిబ్రవరిలో నన్ను రాజాం పంపారు. అప్పుడు నేను ఒక ప్రభుత్వ మ్యూజియంలో ముద్రిత చిత్రాల విభాగానికి సహాయ క్యూరేటర్‌ని. ఎవరైనా తమ ఇంట్లోని పాత వస్తువులు ఇస్తామని ఉత్తరం రాస్తే, వెళ్లి చూసి, వేటిని తీసుకోవచ్చో నివేదిక రాయడం మా పని. చివరి సంతకం క్యూరేటర్‌దే అయినా, చూసి వచ్చినవాళ్ల మాటే చెల్లేది. ఆ అధికారం అప్పట్లో నాకు కొంచెం తలకెక్కి ఉండేది.

ఉత్తరం రాసినావిడ పేరు అప్పలనర్సమ్మ. రాజాంలో జాకెట్లు కుట్టేది. ఆమె తండ్రి పైడిరాజుది భోగాపురం దగ్గర సముద్రపొడ్డు పల్లె. విజయనగరం వచ్చి బ్లాకు మేకర్‌గా స్థిరపడ్డాడు. అంటే అచ్చాఫీసులకు కావలసిన బొమ్మలు కట్టె దిమ్మల మీద చెక్కి ఇచ్చేవాడు. శుభలేఖ మీద వినాయకుడి దగ్గర్నుంచి సబ్బు ప్రకటన దాకా ఏదైనా సరే. ఆయనకొక పిచ్చి ఉండేది. బైబిలు కథలను అడ్డం పెట్టుకుని ఇంగ్లండు పెద్దమనుషులను వెక్కిరించిన పాతకాలపు రాగిరేకు చిత్రాలంటే, అంటే రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మలంటే, ప్రాణం. ఏళ్ల తరబడి వెతికి మూడు సంపాదించాడు. ఒకటి విజయనగరం కంటోన్మెంటులో దొరలు వదిలిపోయిన సామాన్ల వేలంలో, ఒకటి భీమిలిలో పాత సామాన్ల కొట్లో దొరికాయి. మూడోది శ్రీకాకుళంలో ఒక ప్లీడరుగారిని బతిమాలి ఆయన గోడ మీద నుంచే దించుకొచ్చాడట.

మంచి బొమ్మలవి. ఒకదాంట్లో న్యాయానికి పేరుపడ్డ సొలొమోను రాజు తీర్పు చెప్పాల్సిన చోట విగ్గు పెట్టుకున్న జడ్జీ నోరు తెరిచి నిద్రపోతుంటాడు. రెండోదాంట్లో ఆకాశాన్ని అందుకోవాలని బాబెలు గోపురం కట్టే మేస్త్రీలు పని మానేసి జుట్లు పట్టుకుంటుంటారు. మూడోది నోవహు ఓడ, జలప్రళయంలో లోకమంతా మునుగుతుంటే జంతువుల్ని జతలుగా ఎక్కించుకుని కాపాడిన ఓడ. లావుపాటి దొరలు ఏనుగుల్ని కూడా తోసేసి ఓడ ఎక్కుతుంటే, కింద నీళ్లలో బీదాబిక్కీ మునిగిపోతుంటారు.

ఈ మూడింటినీ పైడిరాజు తన చేత్తో మళ్లీ దిమ్మల మీద చెక్కి, మందపాటి కాగితం మీద అచ్చు వేసుకున్నాడు. ఆయన పోయాక దిమ్మలు పాత సామానులో కలిసిపోయాయి. అచ్చులు మాత్రం ఒక్కొక్క ప్రతి మిగిలాయి.

అప్పలనర్సమ్మ ఆరు కాగితాలూ కుట్టుమిషను బల్ల మీద పరిచింది. "ఇయి మూడూ దొరలయి. ఇయి మూడూ మా అయ్య సేసినయి. అయ్య పేరేసి గోడకి కడతారా అమ్మగారూ?" అని అడిగింది. ఆవిడ ఉత్తరం రాసిందే అందుకు.

మా పరిశీలనకు ఒక పద్ధతి ఉంది. రాగిరేకు నుంచి అచ్చు తీస్తే, యంత్రం ఒత్తిడికి కాగితం మీద రేకు అంచు లోపలికి దిగబడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. కట్టెదిమ్మ అచ్చుకు అది ఉండదు. తరవాత భూతద్దం కింద గీత చూడాలి. రాగి గీత చివరకు సన్నబడుతుంది, కట్టె గీత మొద్దుగా ఆగిపోతుంది. దొరల బొమ్మలు మూడూ పరీక్షకు నిలిచాయి. పైడిరాజు బొమ్మల్లో ఒక్కోదానికి ఒక మూల మాత్రం చూశాను. మొద్దు గీత కనిపించగానే భూతద్దం సంచిలో పెట్టేశాను. తిరస్కరించిన వాటికీ ఫొటో ఉండాలని నిబంధన. అందుకని మూడింటినీ చాప మీద కలిపి పరిచి ఒక్క ఫొటో తీశాను. నివేదికలో "స్థానిక నకళ్లు, సేకరణకు విలువ లేదు" అని రాశాను.

రాసి ఊరుకోవచ్చు. ఆవిడకు చెప్పాను కూడా. "మరైతే ఈటినేటి సేసుకోను?" అంది. మీ ఇష్టం అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అయినా దొరల బొమ్మలు మూడూ అప్పగించి, కాగితం మీద సంతకం పెట్టి, టీ ఇచ్చి మరీ పంపింది.

2018లో, నేను రిటైరయ్యే ఏడు, పాత ఫైళ్లలోని ఫొటోలను కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు అప్పజెప్పారు. ఆ చాప ఫొటో తెర మీద పెద్దదిగా వచ్చేసరికి నోవహు ఓడ ఏదో తేడాగా ఉంది. రాగిరేకు బొమ్మ తెప్పించి పక్కన పెట్టుకున్నాను. పైడిరాజు బొమ్మలో ఓడ ఎక్కేవాడి నెత్తిన తలపాగా ఉంది. నీళ్లలో మునిగేవాళ్లు అసలు లేరు. వాళ్ల చోట ఒక తెప్ప, దాని మీద వల లాగుతున్న ఇద్దరు జాలర్లు. లోకం మునిగిపోతున్నా వాళ్ల పని వాళ్లది. మిగతా ముఖాలన్నీ మసక. తక్కిన రెండు బొమ్మల్లో ఏం మార్చాడో నా ఫొటోలో తెలియనే లేదు.

ఆయన నకలు తియ్యలేదు. దొరల వెక్కిరింతను తెచ్చి మన పెద్దమనుషులకు తగిలించాడు. నేను ఘనంగా మోసుకొచ్చిన రాగిరేకు అచ్చులు విదేశీ మ్యూజియాల్లో ఎన్నో ఉన్నాయి. ఆయనవి రాజాంలో తప్ప ఇంకెక్కడా లేవు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

మర్నాడే రాజాం వెళ్లాను. అప్పలనర్సమ్మ నన్ను గుర్తుపట్టింది. బొమ్మల సంగతి అడిగితే, మేకుకు వేలాడుతున్న కాగితాల కట్ట దించింది. జాకెట్టు కత్తిరించే ముందు గుడ్డ మీద పెట్టుకునే కొలత కాగితాలవి. మందపాటి కాగితం దొరికితే ఏ టైలరూ వదలరు.

"మీరే కదా అమ్మగారూ ఏటీ ఇలువ లేదన్నారు. దాసితే సెదలు తింటాయని కత్తిరించీసినాను" అంది. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది.

ఆరేళ్ల వాడకంలో చాలా ముక్కలు చిరిగి పోయాయట. చేతి కొలతకు కత్తిరించిన ముక్క ఒకటి మిగిలింది. దాని నిండా సుద్ద మరకలు. సగం తెప్ప, ఒక జాలరి, తలపాగా మనిషి కనిపిస్తున్నారు. తలపాగా మీద వేలు పెట్టి, "ఈయన మా అయ్య ఊరి మునసబు. అయ్య నవ్వుతా సెప్పీవోడు. మిగిలినోల్లు ఎవులో మరిసిపోనాను" అంది.

ఆ ముక్కనైనా ఇమ్మని అడిగాను. పైడిరాజు పేరు వేసి, అద్దం కట్టించి పెట్టిస్తానన్నాను.

"అయితే ఇప్పుడు ఇలువున్నాదా?"

ఉందన్నాను.

"ఉంటే నా కాడే ఉంటాది లెండి" అని, మడత పడకుండా మిషను సొరుగులో పెట్టుకుంది.

మళ్లీ అడిగే మొహం నాకు లేదు. ఆఫీసుకు వచ్చి పాత నివేదిక కింద కొత్త తేదీ వేసి సవరణ రాశాను. నకళ్లు అన్నది పొరపాటనీ, అవి పోవడానికి కారణం పరిశీలించిన అధికారి మాటేననీ రాసి సంతకం పెట్టాను.

బొమ్మ ఎలా అచ్చయిందో భూతద్దం చెబుతుంది. అందులో ఏముందో తెలియాలంటే భూతద్దం పక్కన పెట్టి, బొమ్మ మొత్తాన్ని ఒకసారి కళ్లతో చూడాలి. దానికి ఐదు నిమిషాలు చాలు. మొదటిసారి రాజాం వెళ్లిన రోజున నా తిరుగు బస్సుకు ఇంకా గంట టైముంది.