ముందునుంచి చింపే ఒప్పందం

మాది యాకుత్‌పురాలో ఒకటిన్నర గది ఇల్లు. ఆ అర గది పుస్తకాలది. మిగిలిన గదిలో నేను, నా భార్య, ఆమె కుట్టు మిషను సర్దుకొని ఉంటం. అందులో కూడా గోడ పొడుగునా పుస్తకాలు కిరాయి కట్టకుండ వచ్చి కూర్చున్నయి. స్టేషన్లో రైలు ఆగినప్పుడల్లా అవన్నీ ఒక అంగుళం ముందుకు జరుగుతయి, రైలు కదిలినప్పుడు అర అంగుళమే వెనక్కి పోతయి. ఇట్లనే నడిస్తే ఇంకో పదేండ్లకు మేమిద్దరం మిషను పట్టుకొని గల్లీలో నిలబడాల్సిందే. ఈ మాట నా భార్యది. నేను కొంచెం పెంచిన, అంతే.

ఏ రకం పుస్తకమని నేను చూడను. దొరికిందల్లా చదువుతా. హత్యలు, దయ్యాలు, రాజుల చరిత్ర, ప్రేమ కథలు, నక్షత్రాల శాస్త్రం, హోమియో వైద్యం, ఇంట్లోనే సబ్బు తయారు చేసే విధానం. గొర్రెల పెంపకం మూడుసార్లు చదివిన. బక్రీద్ ముందు గల్లీలో కట్టేసిన పొట్టేళ్ల పండ్లు చూసి వయసు చెప్పగలను. ఒక పొట్టేలు తన వయసు నలుగురిలో చెప్పినందుకు నా దిక్కు చూసుడే బంద్ చేసింది.

దయ్యాల పుస్తకం నడుస్తున్న వారం పట్టపగలు కూడా నేను మెట్ల కింద చీకటి మూలల్లోకి పోను. ఇది ఉద్యోగానికి కొంచెం ఇబ్బంది, ఎందుకంటే నా పని ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగ్ తీసుడు, మీటర్లన్నీ మెట్ల కిందనే ఉంటయి. రాజుల చరిత్ర చదివిన నెల అంతా ఇంట్లో మంచినీళ్లు అడుగుడు కూడా ఫర్మానా లెక్క ఉండెనట. వంటల పుస్తకం ఒకసారి గట్టిగా పైకి చదివిన. నా భార్య పప్పు గిన్నె మీద మూత ఎంత బలంగా పెట్టిందంటే పక్క గల్లీ పావురాలు లేచి, మళ్ల సాయంత్రానికి గాని దిగలే.

ఒకటి అయిపోంగనే ఇంకోటి పడతా, మధ్యలో నోరు పుక్కిలించుకునేంత కూడా ఆగను. హత్య జరిగిన బంగళా నుంచి నేరుగా సబ్బు తయారీకి పోతే, ఆ సబ్బు మీద కూడా అనుమానమొస్తది. ప్రేమ కథ నుంచి గొర్రెల పెంపకానికి పోతే గొర్రెలు మస్తు అందంగా కనిపిస్తయి. ఆ రుచి ఒకే రకం చదివేటోళ్లకు తెలువదు.

ఈ పుస్తకాలన్నీ చౌరస్తా దగ్గరి రద్దీ దుకాణంలోవి. పాత పేపర్లు, పాత కితాబులు తూకానికి కొనే భాయ్‌ది ఆ దుకాణం. భాయ్ ఒక్క అక్షరం చదవడు. పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకొని కండ్లు మూసుకుంటడు, ఆరువందల యాభై గ్రాములని చెప్తడు, తరాజు సిగ్గుపడి అంతే చూపిస్తది. నా దగ్గర ఆయన పైసలు తీసుకోడు. రెండు కిలోల రద్దీ పెడితే కిలో పుస్తకాలు. పైసలిస్తే గిరాకీవి, తూకమిస్తే దోస్తువి అంటడు.

దుకాణం అరుగు పక్కనే మిర్చి బజ్జీల బండి. బండి అన్న కాయితం కొనడు. భాయ్ అరుగు మీద పోసిన కుప్పలోంచే చింపి బజ్జీలు కడతడు, బదులుగా భాయ్‌కు పొద్దుమాపు బజ్జీలు అందుతయి. ఇద్దరికీ బాగనే ఉన్నది. నష్టపోయింది నేను. పుస్తకాలను బోర్లా వేసే అలవాటు వాళ్లది, కాబట్టి చింపుడు ఆఖరి పేజీ నుంచి మొదలయ్యేది. ఏడు హత్యలు చదివిన, ఒక్క హంతకుడూ దొరకలే. ఆ ఏడుగురు ఇప్పటికీ నా అర గదిలో హాయిగ తిరుగుతున్నరు. ఎనిమిదో పుస్తకంలో డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టి, హంతకుడు ఈ గదిలోనే ఉన్నడని వేలు చూపిన దగ్గర పేజీ తెగింది. ఆ వేలు ఎవరి దిక్కు పోయిందో తెలువక మూడు రోజులు పుస్తకాన్ని నాలుగు దిక్కులా తిప్పి చూసిన.

నాలుగో రోజు బండి దగ్గరికి పోయి, "అన్నా, చింపితే ముందునుంచి చింపు," అన్న.

"ముందు లేకుంటే ఎట్ల చదువుతవు?"

"మొదలుదేముంది, ఊహించుకోవచ్చు. ఆఖరుది ఊహించుకుంటే తప్పు మనిషిని జైల్ల పెట్టినట్టు."

భాయ్ లోపలి నుంచి విన్నడు. "మియా, నీకు సినిమాకు ఇంటర్వెల్ తర్వాత టికెట్ ఇస్తే చాలు గదా."

"చాలు భాయ్. పాప్‌కార్న్ కూడా వద్దు."

"సర్ కాటో, దుమ్ ఛోడో," అని భాయ్ బండాయనకు హుకుం ఇచ్చిండు. తల కోసుకో, తోక వదిలెయ్ అని. అప్పటి నుంచి నా ఇంటికి వచ్చేటివన్నీ తల లేని పుస్తకాలు. చచ్చింది ఎవరో తెలువదు, ఎప్పుడు చచ్చిండో తెలువదు, చంపినోడు మాత్రం బరాబర్ దొరుకుతడు.

నా భార్య ఈ పుస్తకాలు ముట్టదు. ఆమెది లేడీస్ కుట్టు. ఇరవై రెండేండ్లుగా గల్లీ ఆడవాళ్ల జాకెట్లు, ఎదురింటి ఖాలా వాళ్ల కుర్తాలు ఆమె చేతిలోనే పడతయి. మా ఇల్లు సగం నా మీటర్ల మీద, సగం ఆ మిషను మీద నడుస్తది. సగం అని నేను మర్యాదకు అంటున్న, మిషనుది ఎక్కువే. ఆమె దగ్గర కొలతల రిజిస్టర్ ఒకటి ఉన్నది. ఎవరికీ చూపదు. అక్క కొలత చెల్లెకు చెప్పదు, కోడలి కొలత అత్తకు చెప్పదు. అందులో పేర్లు కూడా రాయదు. మూలిల్లు, మెట్లిల్లు, నల్లా పక్కిల్లు, ఇట్ల. గల్లీ అంతా మా ఇంటికే వచ్చేది కొంత ఆ కుట్టుకు, కొంత ఆ మూసిన నోటికి. ఆ రిజిస్టర్‌కు ఆమె మిగిలిన ముక్కలతో పూల గుడ్డ తొడుగు కుట్టింది, దిండు గలీబు లెక్క. పండుగ పండుగకు విప్పి ఉతుకుతది. ఇరవై రెండేండ్లలో నేను దాన్ని తొడుగు లేకుండ ఒక్కసారి కూడా చూడలే.

పోయిన ఎండకాలం పండుగ ముందటి ఆదివారం భాయ్ దుకాణంలోకి ఒక హత్యల పుస్తకం వచ్చింది. ఏడువందల పేజీలు. అటు తల ఉన్నది, ఇటు తోక ఉన్నది. ఇట్లాంటిది నా జన్మలో చూడలే. రెండు చేతులతో లేపితే నడుము పట్టుకున్నది. చాంద్రాయణగుట్ట నుంచి ఒకాయన దాని కోసం బస్సెక్కిండని భాయ్ చెప్పిండు. ఆ బస్సు ఏ స్టాపు దాటిందో కూడా నాకు కండ్ల ముందు కనిపించింది. ఇంట్లో ఉన్న పేపర్లన్నీ తెచ్చి తరాజులో పోసిన. ఇంకా పావు కిలో తక్కువ పడ్డది.

"భాయ్, పావు కిలోకు దోస్తీ చెడగొట్టుకుంటమా?"

"దోస్తీ దిల్‌లో ఉంటది మియా, పావు కిలో తరాజుల ఉంటది."

ఇంటికి ఉరికిన. నా భార్య దారపు రీళ్లు, హుక్కులు తెచ్చుకోడానికి బేగంబజార్ పోయింది. నా పుస్తకాల్లోంచి పావు కిలో తీద్దామని చెయ్యి పెడితే ప్రతి పుస్తకం నా దిక్కే చూసింది. అప్పుడు మిషను కింద అట్ట ఊడిపోయిన పాత రిజిస్టర్ ఒకటి కనిపించింది, అంచులు నలిగి, పసుపు రంగుకొచ్చి. చేతిరాత. చేతిరాత పుస్తకాలు నేను చదవను. అచ్చయిందైతే మందు సీసా మీది కాయితం కూడా వదలను. దాన్ని తీస్కపోయి తరాజులో పెట్టిన. పావు కిలోకు ఇరవై గ్రాములు ఎక్కువే తూగింది. ఆ ఇరవై గ్రాములకు బండి అన్న నాకు రెండు బజ్జీలు కట్టిచ్చిండు. బజ్జీలు తింటూ, మొదటి హత్య చదువుకుంటూ ఇంటికి నడిచిన. వేళ్లు కాయితానికి తుడిచి మోరీలో పడేసిన.

సాయంత్రం అయిదింటికి నా భార్య వచ్చింది. దండెం మీద ఆరిన పూల తొడుగు తీసి, మిషను కిందికి వంగింది.

"ఇగో, ఇక్కడ నా రిజిస్టర్ ఉండె. చూసినవా?"

పుస్తకంలోంచి తల లేపకుండనే, "పూల తొడుగుది కదా?" అన్న.

"తొడుగు నా చేతుల ఉన్నది."

అప్పుడు లేపిన తల. హంతకుడు ఈ గదిలోనే ఉన్నడని చూపించిన వేలు, ఇన్నేండ్లకు ఎటు తిరిగిందో తెలిసింది.

చెప్పిన. ఆమె లొల్లి చెయ్యలే. స్టూలు మీద కూర్చొని తొడుగును మడతపెట్టింది, మళ్ల విప్పింది.

"రేపు పెండ్లోళ్లవి పదకొండు జాకెట్లు కోయాలె. కొలతలన్నీ అండ్లనే ఉన్నయి. అవి పోతే మళ్ల తీసుకుంట. కాని బయటపడ్డయనుకో, రేపటి సంది ఈ గల్లీల నాకు సూది పని కూడా ఎవ్వరియ్యరు."

చౌరస్తా దాకా నేను ఉరికిన ఉరుకుడుకు నా చెప్పు ఒకటి ఇప్పటికీ దొరకలే. బండి చుట్టూ గల్లీ ఆడవాళ్లు, పిల్లలు. ఆదివారం సాయంత్రం బజ్జీలు తినంది ఎవరు? బండి అన్న చేతిలో మా రిజిస్టర్ ఉన్నది, చింపుడుకు సిద్ధంగ.

"ఆగన్నా. ఎన్ని చింపినవ్?"

"పన్నెండు పోయినయి. ఫికర్ చెయ్యకు, నీ మాట తప్పలే. అన్నీ ముందునుంచే."

ఆఖరి పేజీలు తిప్పిన. పెండ్లోళ్ల పదకొండు మంది పదిలంగ ఉన్నరు. ఇరవై రెండేండ్ల కిందటి మొదటి పన్నెండు ఆకులు మాత్రం నూనె పట్టుకొని గల్లీలోకి నడిచిపోయినయి.

తిరిగి వచ్చేటప్పుడు, చదవొద్దని తెలిసి కూడా, చదివిన. నాకు ఇంకో రకంగ నడుచుడు రాదు. అంతా అంగుళాలే. కాని మెట్లింటామె దగ్గర, "నాలుగో నెల, పక్కలకు రెండంగుళాల గుడ్డ మడిచి పెట్టాలె," అని ఉన్నది. దాని కింద మూడు వారాలకు, "మడత విప్పుడు వద్దు." ఇంకేం రాయలే. నల్లా పక్కింటామె నడుము ముప్పై నాలుగు, ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది, ప్రతిసారి పాతది కొట్టేసి పక్కన రాసింది. ఇరవై ఆరు తర్వాత స్కేలు పెట్టి అడ్డగీత గీసింది. ఆ ఇంటి మీటరు నేనే చూస్త. ఆ గీత గీసిన ఏడాది ఆ ఇంట్లో కరెంటు సగమే కాలింది, ఎందుకో నేను ఎన్నడూ అడగలే. గొర్రెల పెంపకం మూడుసార్లు చదివిన నేను, నా మంచం పక్కనున్న ఈ పుస్తకాన్ని పావు కిలోకు అమ్ముకున్న.

నా భార్య రిజిస్టర్ తీసుకొని ముందు ఆఖరు చూసింది, తర్వాత మొదలు చూసింది.

"ఎవరెవరు తీస్కపోయిండ్రు?"

"గల్లీ అంతా."

"సరే. రానీ," అని తలుపు తెరిచి పెట్టింది.

మొదట మూలింటి అక్క వచ్చింది. ఆమె మా గడప దాటితే పుస్తకాలు రైలు వచ్చిందనుకొని జరుగుతయి. చేతిలో నూనె కాయితం. నా భార్య లేచి నిలబడ్డది. నేను పుస్తకాల వెనక నిలబడ్డ.

"చెల్లె, ఇది నీ రాతనే గదా?"

"నాదే అక్కా. తప్పయింది, మా ఆయన..."

"మూలిల్లు, నడుము ఇరవై ఆరు అని ఉన్నది. నేనే గదా?"

"నువ్వే అక్కా. పెండ్లయిన కొత్తల నేను తీసిన కొలతనే."

అక్క కాయితాన్ని వెలుతురులో పట్టుకొని ఇంకోసారి చూసింది. "మా ఆయన నమ్ముతలేడు. జర వచ్చి చెప్పు."

నా భార్య పోయి చెప్పింది. ఆయన అప్పుడు కూడా నమ్మలేదట, కాని రెండో ప్లేటు బజ్జీలు తెప్పించిండట. ఆమె తిరిగి వచ్చేసరికి మా గడప ముందు నలుగురు నిలబడ్డరు. గల్లీలో ఒక్కరికీ కోపం రాలే. బయటపడ్డవన్నీ ఇరవై రెండేండ్ల కిందటి కొలతలు, అందరూ సన్నగ ఉన్న కాలానివి. తన కాయితం ఎవరి బజ్జీలకు పోయిందని అడిగేటోళ్లు కొందరు, ఆ ఇంటికి పోయి తెచ్చుకునేటోళ్లు కొందరు. అందరికంటె బాధ ఎదురింటి ఖాలాది.

"హమారా పన్నా కిదర్ హై బేటీ, నా పేజీ ఏది?"

"నీది చింపలే ఖాలా. నువ్వు తర్వాత వచ్చినవు గదా, లోపలి పేజీల ఉన్నవు."

"అందరివీ చింపి నాదే చింపలేదా?" అని ఖాలా కండ్లద్దాలు తుడుచుకున్నది. "మైఁ భీ పత్లీ థీ, నేను కూడా సన్నగనే ఉంటి. ఆ పేజీ ఇటియ్యి, నేనే చింపుకుంట."

ఇయ్యలే. లోపలి పేజీ ఎవరిదీ నా భార్య చూపలే. ఖాలా చెవిలో ఏదో అంకె చెప్పి పంపింది. ఖాలా నవ్వుకుంటనే మెట్లు దిగింది.

తెల్లారి పదకొండు జాకెట్ల కత్తిరింపు మొదలైంది. పన్నెండు ఆకుల్లో పదకొండింటి జాడ తెలిసింది, ఏ ఇంట్లో ఏ అల్మారాలో దాచుకున్నరో కూడా గల్లీకంతా తెలుసు. మొదటి ఆకు మాత్రం ఎవరి దగ్గరా లేదు. డ్యూటీకి పోతూ బండి దగ్గర ఆగి అడిగిన.

"మొదటిదా? నీకే ఇచ్చిన గదన్నా," అన్నడు బండి అన్న. "రెండు బజ్జీలకు చింపిందే అది."

సాయంత్రం, నిన్న వేళ్లు తుడిచి కాయితం పడేసిన మోరీలోకి వంగి చూసి, ఇంటికి వచ్చి కూర్చున్న. ఏడువందల పేజీల హత్య ఒళ్లో ఉన్నది. హంతకుడెవరో ఇంక రెండు పేజీల్లో తెలుస్తది. తిప్పబుద్ధి కాలే.

"ఇగో, ఆ మొదటి పేజీల ఎవరి కొలత ఉండె?"

ఆమె పూల తొడుగుకు కొత్తగ హుక్కులు కుడుతున్నది. ఒకటి కాదు, మూడు. నోట్లో సూది పట్టుకున్నది కాబట్టి జవాబుకు ఆగాల్సి వచ్చింది.

"ఊహించుకో," అన్నది సూది తీసి. "మొదలుదేముందన్నవు గదా."

రిజిస్టర్‌కు తొడుగేసి, మూడు హుక్కులూ పెట్టి, మిషను కింద పెట్టింది. స్టేషన్లోకి రైలొచ్చింది. పుస్తకాలు ఒక అంగుళం ముందుకు జరిగినయి.