మొదటి అదురు తర్వాత

బూర్గంపాడు దాటి అడవిలోకి కొంత దూరం పోతే, భూమి అదుర్లను కొలిచే చిన్న కేంద్రం ఒకటి ఉంది. నా ఉద్యోగం అక్కడే. అదురు వస్తే అది భూకంపమా, బొగ్గు గనిలో పేల్చిన మందా అని తేల్చి పైకి రాసి పంపాలి. దీనికి ఇంత చదువెందుకని మా బంధువులు ఇప్పటికీ ఎకసెక్కాలాడుతుంటారు.

గని పక్క గూడేనికి మాత్రం పేలుళ్ళే తెలుసు. మధ్యాహ్నం సైరన్ మోగగానే అందరూ పని ఆపి వాకిట్లోకి వచ్చి నిలబడతారు. కాళ్ళ కింద ఒక్క దెబ్బ. "అయిపోయింది" అని ఎవరో ఒకరు అంటారు. లోపలికి పోయి పడిన గిన్నెలు ఎత్తుకుంటారు, జారిన పెంకులు సర్దుకుంటారు. గోడలు పగిలితే మట్టి మెత్తి ఊరుకుంటారు. ఆ ఓర్పు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒక రోజు అదురు పొద్దున్నే వచ్చింది, సైరన్ లేకుండా. ఒక ఇంటి గోడ కూలి ఇంటాయన చనిపోయాడు. దినాలు అయ్యాక ఆయన భార్య, గూడెం పెద్దమనిషిని తోడు తీసుకుని మా ఆఫీసుకు వచ్చింది.

"సైరన్ కొట్టకుండనే పేల్చిండ్రు సారూ. గదే రాయండి," అన్నాడు పెద్దమనిషి.

పేలుడని నేను రాస్తే గనివాళ్ళు జవాబు చెప్పాలి, పరిహారం ఇవ్వాలి. నాకూ అది పేలుడైతే బాగుండుననే ఉంది. పేలుడు ఆనవాలు కోసం ఎంత వెతికానో నాకే తెలుసు. దొరకలేదు.

వాళ్ళకు స్క్రీన్ మీద గీతలు చూపించాను. మందు పేలితే నేలను అన్ని వైపులకూ ఒకేసారి తోస్తుంది. ఏ కేంద్రంలో చూసినా గీత మొదట పైకే లేస్తుంది. ఆ మొదటి దెబ్బే పెద్దది, వెనక వచ్చే అల బలహీనం. భూకంపంలో లోపలి రాయి పగులు వెంట జారుతుంది. కొన్ని చోట్ల నేలను తోస్తే కొన్ని చోట్ల లాగుతుంది. మొదటి అల తట్టి పోతుంది, పక్కకు ఊపి గోడలు కూల్చేది రెండోది. ఆ రోజు గీతలన్నీ భూకంపానివే. అది పుట్టిన చోటు దూరం కాబట్టి రెండు అలల మధ్య కాస్త ఎడం కూడా ఉంది.

పెద్దమనిషి బయటికి పోయి కూర్చున్నాడు. ఆమె మాత్రం దగ్గరికి వచ్చి ఆ ఎడం మీద వేలు పెట్టింది.

"గిది ఏంది సారూ?"

"మొదటి అదురుకూ రెండోదానికీ మధ్య టైమమ్మా."

"ఇద్దరం వాకిట్ల ఉన్నం. దెబ్బ తెలిసింది. అయిపోయింది, లోపటికి పోయి గిన్నెలు చూడు అని నేనే అన్న. ఆయన పోయిండు. గప్పుడు ఊగింది."

ప్రతి మధ్యాహ్నం నిజమయ్యే మాటే ఆమె అంది. ఆ పొద్దున అది నిజం కాలేదు.

"పైసలు వద్దు సారూ. పేలుడనే రాయండి, తప్పు గనోళ్ళ మీదికి పోతది. నేను పొమ్మన్ననని మా అత్తకు తెల్వదు."

"తప్పు నీది కాదమ్మా. ఆ గోడను ముందే పగలగొట్టింది పేలుళ్ళే," అన్నాను. ఆ పగుళ్ళు మా గీతల్లో కనపడవు. ఆమె ఎదుటే భూకంపమని రాసి పంపాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా రాసింది నిజమే.

"అయితే మా అత్తకు మీరే వచ్చి చెప్పండి," అంది.

వెళ్ళాను. కూలిన గోడ పక్కన పరదా కట్టుకుని ఉంటున్నారు. ముసలామె నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"భూకంపమే అనుకో బిడ్డా. మరి వాడు వాకిట్లనే ఉండె కదా, లోపటికి ఎందుకు పోయిండు?"

గిన్నెల చప్పుడు విని పోయి ఉంటాడని చెబుదామని నోరు తెరిచాను.

"నేనే పొమ్మన్న అత్తా," అంది కోడలు.