బంతి రంగు చుడీదారు

నాకు ఫోటోలు తీయడం వచ్చని మొదట నమ్మింది నేనే. చాలాకాలం ఇంకెవరూ నమ్మలేదు.

ధర్మవరంలో మా అత్తగారివాళ్లది పట్టుచీరల అంగడి. ముందు గదిలో మా ఆయన బేరాలు చూసుకుంటారు. వెనక గదిలో నేను చీరలకు ఫోటోలు తీస్తాను. రెండు లైట్లు, ఒక స్టాండు, చీర వెనక కట్టడానికి ఒక పెద్ద నల్లగుడ్డ, ఒక మంచి కెమెరా. చీరను స్టాండుకు వేసి, కొంగు పరిచి, అంచు మీద ఒక్క ముడత లేకుండా సర్ది, నిదానంగా తీస్తాను. నచ్చకపోతే మళ్లీ తీస్తాను. మధ్యలో పోయి టీ తాగి వచ్చినా చీర అక్కడే ఉంటుంది. కొన్నేళ్లు ఈ పని చేసేసరికి, కెమెరా పట్టుకుని ఎక్కడికి పోయినా నెట్టుకొస్తానన్న ధైర్యం వచ్చేసింది. తీసిన ఫోటోలు వాట్సాప్‌లో చూసి కస్టమర్లు "చీర బాగుంది" అనేవాళ్లు. "ఫోటో బాగుంది" అని ఎవరూ అనలేదన్న సంగతి నేను పట్టించుకోలేదు.

మా చిన్నాయన కొడుకు పెనుకొండలో ఉంటాడు. హైవే పక్కన కొత్తగా కట్టిన ఆటల మైదానానికి వాడు మేనేజరు. అక్కడ టెన్నిస్ కోర్టులు తయారయ్యాక, మొదటిసారిగా ఆడవాళ్ల పోటీలు పెట్టారు. ఫైనల్‌కు ఇంకా కొద్ది రోజులుందనగా వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, నీకాడ పెద్ద కెమెరా ఉండాది కదా?"

"ఉండాది. ఏంటికి?"

"ఆదివారం టెన్నిస్ ఫైనల్. మేం మాట్లాడుకున్న ఫోటోగ్రాఫర్ పెళ్లిళ్లు తగిలినాయని చేతులెత్తేసినాడు. నువ్వొస్తే చాలు. కోర్టు పక్కనే నీకు స్టూలేస్తా."

"ఆడేది స్కూలు పిల్లోళ్లా?"

"పిల్లోళ్లు కాదక్కా. ఆ ఆటతోనే బతికే ఆడపిల్లలు. దేశమంతా తిరిగి ఆడతాంటారు."

నాకు టెన్నిస్‌లో పాయింట్లు ఎలా లెక్కేస్తారో కూడా తెలియదు. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట, "సరేలే, వస్తా. లైటింగ్ ఎట్లుంటాది?" అని. లైటింగ్ గురించి అడిగితే పెద్ద ఫోటోగ్రాఫర్‌లా ఉంటుందని. "ఎండక్కా, ఇంకేముంటాది," అన్నాడు వాడు.

హిందూపురంలో మా పుట్టింటి వీధిలోనే ఒక ఫోటో స్టూడియో ఉంది. దాని ఓనరును చిన్నప్పటి నుంచీ మామా అని పిలుస్తాను. ఆయన దగ్గర పొడుగాటి లెన్సు ఒకటి ఉందని తెలిసి పోయి అడిగాను. పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించాడు.

"పాపా, నీకేమైనా అయితే మానుకుంటాది. దీనికేమైనా అయితే మానుకోదు. గుర్తు పెట్టుకో," అన్నాడు.

కదిలే వస్తువుకు ఫోటో తీయడం ఇంటి మిద్దె మీద మొదలుపెట్టాను. మా ఆయన ఒక టెన్నిస్ బంతి కొనుక్కొచ్చి నీళ్ల ట్యాంకుకు వేసి కొట్టడం, నేను ఆ మూలన కూర్చుని తీయడం. ఆయన మోచేయి వచ్చింది. ట్యాంకు వచ్చింది. ఆకాశం చాలా బాగా వచ్చింది. బంతి మాత్రం ఒక్క దాంట్లోనే వచ్చింది. అప్పటికది మా అత్త ఎండబెట్టిన వడియాల్లో పడి ఆగిపోయి ఉంది.

అత్త వడియాలు ఏరుకుంటూ మమ్మల్నిద్దర్నీ చూసింది. "ఏమ్మే, ఒక బంతిని పట్టుకోనీకి ఇద్దరు మనుషులు, అంతలావు మిషనూ కావల్లనా?" అంది.

ఆదివారం పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కి పెనుకొండలో దిగాను. అత్త కూడా వచ్చింది. నా పనితనం చూద్దామని కాదు. ఇంట్లో ఉంటే వంట చేయాలని. ఆటల దగ్గరికి పోతున్నాం కదా, హుషారుగా కనబడాలని నేను కొత్త చుడీదారు వేసుకున్నాను. పండీ పండని నిమ్మకాయ రంగు. అంత దూరం నుంచే కళ్లు లాగేస్తుంది. తమ్ముడు గేటు దగ్గర చూసి, "బలే ఉండాదక్కా డ్రెస్సు," అన్నాడు. పోటీలు నడిపేవాడే అలా అన్నాడంటే ఇక నాకు అనుమానం ఎందుకు వస్తుంది?

కోర్టు పక్క గీతకు కొంచెం ఇవతల పొట్టి స్టూలు వేశారు. వెనక మెట్ల మీద జనం. చాలామందికి టెన్నిస్ చూడటం అదే మొదటిసారి. బంతి నెట్‌కు తగిలినా చప్పట్లే, బయట పడినా చప్పట్లే. వాళ్లను చూసి నాకు కాస్త ధైర్యం చిక్కింది. ఎత్తు కుర్చీలో కూర్చున్న అంపైర్ ఒక పెద్దావిడ. ఆట మొదలుకాకముందే నన్ను పిలిచి, పాయింటు జరుగుతున్నప్పుడు కదలకూడదని, చప్పుడు చేయకూడదని చెప్పింది. బుద్ధిగా తలూపాను. నేను చప్పుడు చేసే మనిషిని కాదు. నా కెమెరా సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు.

మొదటి సర్వీసు బెంగళూరు నుంచి వచ్చిన అమ్మాయిది. సన్నగా, పొడుగ్గా ఉంది. బంతిని నేలకు కొట్టి కొట్టి, పైకి ఎగరేసింది. నేను నొక్కాను. కెమెరా కుట్టుమిషన్‌లా టకటకటకమని మోగింది. ఆ అమ్మాయి కొట్టకుండా ఆగి, బంతిని చేత్తో పట్టుకుని నా వైపు చూసింది. జనమంతా చూశారు. అత్త కూడా చూసింది. అంపైర్ మైకులో ఏదో మర్యాదగా అంది. మర్యాదగా అన్నందుకే ఇంకా సిగ్గేసింది.

సరే, బంతి కొట్టాకే నొక్కుదామనుకున్నాను. కొట్టాక నొక్కితే బంతి అవతలి వైపు ఉంటోంది. అవతలికి తిప్పితే ఇవతలికి వచ్చేస్తోంది. ఎడమకూ కుడికీ తిప్పి తిప్పి నా మెడ పట్టేసింది గానీ, ఒక్క ఫోటోలోనూ మనిషి, రాకెట్టు, బంతి ముగ్గురూ కలిసి లేరు. ఒకరు వస్తే ఇంకొకరు రారు. గ్రూప్ ఫోటోకు పెళ్లివాళ్లను నిలబెట్టినట్టుంది.

కొన్ని గేములయ్యాక ఆ అమ్మాయి అంపైర్ దగ్గరికి పోయి, రాకెట్టుతో సూటిగా నన్నే చూపించింది. మళ్లీ కెమెరానే అనుకుని దాన్ని ఒళ్లో దాచుకున్నాను. తమ్ముడు వంగి వంగి నడుచుకుంటూ వచ్చి చెవిలో చెప్పాడు.

"అక్కా, కెమెరా కాదంట. నీ డ్రెస్సంట."

"నా డ్రెస్సుకేమైంది?"

"అదీ బంతీ ఒకటే రంగంట. ఆపిల్లకు బంతి కనపడల్లేదంట. మార్చుకోనీకి ఏమన్నా తెచ్చినావా?"

ఏమీ తేలేదు. చీరల వెనక కట్టే నల్లగుడ్డ మాత్రం కెమెరా బ్యాగులో ఉంది. తీసి మెడ నుంచి పాదాల దాకా చుట్టుకున్నాను. పెనుకొండ ఎండలో, మిట్టమధ్యాహ్నం, నల్లగుడ్డలో, మోకాళ్ల మధ్య ఫిరంగి లాంటి లెన్సుతో స్టూలు మీద కూర్చున్నాను. వెనక ఎవరో పక్కవాణ్ణి అడగడం స్పష్టంగా వినిపించింది.

"ఏమప్పా, ఆయమ్మకు చలిజరమా?"

దానికి జవాబు చెప్పిన గొంతు మా అత్తది. "లేదబ్బా, ఆయమ్మ మా కోడలు. ఫోటోలు తీస్తాది." ఆ మాటల్లో గర్వం ఉందేమోనని చాలాసేపు వెతుక్కున్నాను.

రెండో సెట్టు మొదలైంది. మొదటి సెట్టు బెంగళూరు అమ్మాయి పోగొట్టుకుంది. నా డ్రెస్సు వల్లేనేమోనని మనసులో గుచ్చుకుంటోంది. గుడ్డ లోపల చెమట కాలువలు కడుతోంది. అప్పుడు అవతలి అమ్మాయి బంతిని చాలా పక్కకు, నా వైపు కొట్టింది. ఈ అమ్మాయి పరుగెత్తింది. కెమెరాలో చూస్తున్నాను. మొట్టమొదటిసారి ఆమె సరిగ్గా మధ్యలో ఉంది. మెల్లగా పెద్దదవుతోంది. నడుము దాకా వచ్చింది, మొహం దాకా వచ్చింది. ఎంత బాగా వస్తోందో అని మురిసిపోతూ నొక్కిపట్టాను. ఆ లెన్సుకు జూమ్ లేదు కదా, మరి పెద్దగా ఎలా కనబడుతోందన్న ఆలోచన వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

రాకెట్టు అంచుకు బంతి తగిలిన చప్పుడు విన్నాను. ఆ వెంటనే అమ్మాయి నా మీద పడింది. స్టూలు ఒకవైపు, మేమొకవైపు. ఇద్దరం నల్లగుడ్డలో చుట్టుకుని దొర్లాం. జనం లేచి నిలబడ్డారు. నేను ఒక చేత్తో ఆ అమ్మాయి తల నేలకు కొట్టుకోకుండా పట్టుకున్నానని తరవాత అందరూ అన్నారు. నిజానికి ఆ చెయ్యి చాచింది లెన్సు కోసం. మధ్యలో ఆ అమ్మాయి తల వచ్చింది.

"అక్కా, తగిలినాదా?" అంది ఆ అమ్మాయి, గుడ్డలోంచి బయటపడుతూ.

నాకు దెబ్బ కన్నా ఆ మాటే ఎక్కువ ఆశ్చర్యమేసింది. "నీకు తెలుగొస్తాదా?"

"మా అవ్వది మడకశిర. ఇంట్లో కన్నడ, అవ్వకాడికి పోతే తెలుగు." మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. అది చూసుకోకుండా నా మోచేతి మీది దుమ్ము దులుపుతోంది. "బట్టల గురించి చెప్పినానని బేజార్ చేసుకోవద్దక్కా. నిజంగా బంతి కనపళ్లేదు."

"నువ్వు చెప్పిందే మంచిదాయె. ఆ బట్టల్లో ఉండింటే బంతి అనుకోని కొట్టేసేదానివి," అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. కట్టు కట్టించుకుని మళ్లీ ఆడింది. కుంటుతూనే కొన్ని పాయింట్లు గెలిచింది. నేను కెమెరా పక్కన పెట్టేసి, జనంతో పాటు చప్పట్లు కొట్టాను. ఆట అంటే ఏమిటో ఆ కాసేపే తెలిసింది. ఆమె ఓడిపోయింది.

కప్పు ఇచ్చేటప్పుడు అందరూ గెలిచిన అమ్మాయి చుట్టూ మూగారు. ఈ అమ్మాయి బెంచీ మీద ఒక్కతే కూర్చుని చేతికి చుట్టుకున్న పట్టీ విప్పుకుంటోంది. పక్కకు పోయి నీళ్ల బాటిల్ ఇచ్చాను.

"నాకొక ఫోటో తీస్తావా అక్కా? అవ్వకు పంపల్ల. గెలిచినోళ్లవి పేపర్లో సూస్తాది. నాది యాడ సూస్తాది?"

ఆ రోజంతటిలో నాకు చేతనైన పని అదొక్కటే. వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసి ఆమెను కొంచెం పక్కకు జరిపాను. కాలర్ సర్దాను. భుజం మీది టవల్‌ను మడతలు లేకుండా వేశాను. పొడుగు లెన్సు తీసేసి నా పాతదే పెట్టుకుని నిదానంగా తీశాను. చూపిస్తే ఆ అమ్మాయి తల పక్కకు వంచి చూసింది.

"బాగుండాదక్కా," అని, మళ్లీ ఒకసారి చూసి, "టవల్ అమ్మనీకి పెట్టినట్టుండాది," అంది. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. కెమెరా తెర మీది బొమ్మను తన ఫోన్‌తో తీసుకుని, అక్కడికక్కడే అవ్వకు పంపేసింది.

సాయంత్రం తమ్ముడి ఆఫీసులో కంప్యూటరుకు పెట్టి ఫోటోలన్నీ చూశాం. వాడు ఒక్కొక్కటే జరుపుతున్నాడు. తల లేని మనిషి, చెయ్యి లేని రాకెట్టు, అంపైర్ కుర్చీ కాళ్లు, ఖాళీ కోర్టు. అత్త వెనక నిలబడి, "ఈ పొద్దు ఆట జరిగినాది కదా?" అని అడిగింది. చివర్లో ఒక ఫోటో దగ్గర వాడి చెయ్యి ఆగింది.

నీలాకాశం. కింద అంచున పెనుకొండ కొండ, కాస్త వాలుగా. సరిగ్గా పైన ఒంటరిగా బంతి, దాని మీది నూగుతో సహా స్పష్టంగా. మూలన ఆ అమ్మాయి చెయ్యి, వేళ్లు విప్పి. మేము కిందపడుతున్నప్పుడు నా వేలు మీట మీదే ఉండిపోయింది. లెన్సు ఆకాశం వైపు లేచింది. మిగతాది అదే తీసుకుంది.

"అక్కా!" అన్నాడు తమ్ముడు. "ఎట్ల తీసినావక్కా ఇది?"

చెప్పబోయాను. మా అత్త ముందుగా అంది, "అనుభవం నాయనా."

మర్నాడు పేపర్లో వేరే ఫోటో వచ్చింది. ఎవరో మెట్ల మీద నుంచి ఫోన్‌లో తీసింది. నల్లగుడ్డలో నేనూ ఆ అమ్మాయీ. కింద, క్రీడాకారిణిని కాపాడిన మహిళ అని రాశారు. అత్త దాన్ని కత్తిరించి అంగడిలో అందరికీ చూపించింది. లెన్సుకు చిన్న గీత కూడా పడలేదు. హిందూపురం మామ దాన్ని తిప్పి తిప్పి చూసి, నా మోచేతి కట్టు వైపు చూడకుండానే లోపల పెట్టుకున్నాడు.

బంతి ఫోటోను తమ్ముడు పెద్దది చేయించి ఆఫీసు గోడకు తగిలించాడు. ఈ మధ్య పెనుకొండ పోయినప్పుడు అక్కడ ఒక కోచ్ దాని ముందే నిలబడి ఉన్నాడు. తమ్ముడు నన్ను పరిచయం చేయగానే ఆయన చేతులు జోడించాడు.

"అమ్మా, కెమెరాను ఆ కోణంలో పెట్టాలని ఎట్ల తోచింది మీకు?"

నేను గోడ వైపు కాసేపు గంభీరంగా చూశాను. "కొంచెం కిందికి పోయి తీయల్ల సార్," అన్నాను. "బాగా కిందికి."