వెనక గది ఫ్రిజ్‌లో ఎలుక ప్రొటీన్

మా ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు ఉన్నాయి. వెనక గదిలోది నాది. మా వారు రిటైర్ కావడానికి ఏడాది ముందు కొన్నాం, రసీదు ఇప్పటికీ ఉంది. వంటింట్లోది మా మనవరాలిది. కరీంనగర్‌లో పరిశోధన చేస్తూ నా దగ్గరే ఉంటుంది, ఫెలోషిప్ డబ్బుతో కొనుక్కుంది. దాంట్లో మంచు పేరుకోదు. నాదాంట్లో పేరుకుంటుంది. నెలనెలా రెండో శనివారం ఎర్ర బటన్ నొక్కి, కింద తాంబాళం పెట్టి ఆ మంచు కరిగిస్తాను.

పండుగ వస్తే చాలు, మనవరాలు పాతది ఇచ్చి కొత్తది తీసుకొమ్మనే రంగుల కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెడుతుంది.

"అమ్మమ్మా, గిది ఫ్రిజ్ కాదు, మంచుగుట్ట. కాలు గూడ ఊగుతది."

"నా మోకాలు గూడ అట్లనే ఉన్నది. నన్ను గూడ ఎక్స్‌చేంజ్‌ల ఇస్తవా?"

ఈ ఎండాకాలం ఒక రెండో శనివారం గిన్నెలన్నీ బయట పెట్టి బటన్ మీద వేలు పెట్టానో లేదో, ఆ పిల్ల చంకలో థర్మాకోల్ డబ్బాతో ఉరికొచ్చింది.

"ఆగు! నొక్కకు!"

సంగతేమిటంటే, నెలల తరబడి ఎదురుచూసిన సరుకును కొరియర్ అతను సెలవు రోజే తెచ్చి చేతిలో పెట్టాడు. డిపార్టుమెంటుకు తాళం. తాళంచెవి ఉన్నాయన చొప్పదండిలో పెళ్లికి పోయాడు, సోమవారం గానీ రాడు. డబ్బాలో మంచు సంచుల నడుమ చిటికెన వేలంత గొట్టం, దాని అడుగున ఒక్క చుక్క. అది పాడైతే ఆఖరి ప్రయోగం ఆగిపోతుంది. మళ్లీ తెప్పించుకునేలోపు ఫెలోషిప్ అయిపోతుంది.

"నీ కొత్త ఫ్రిజ్‌ల పెట్టుకోరాదు?" అన్నాను.

పిల్ల నేల చూపులు చూసింది. మంచు పేరుకోకుండా ఆ ఫ్రిజ్ మధ్యమధ్య తనంతట తానే వేడెక్కుతుందట. చుక్క కరిగి, గడ్డకట్టి, మళ్లీ కరిగి చెడిపోతుందట.

"అంటే నేను నెలకోసారి చెప్పి చేసే పని, నీది రోజూ చెప్పకుండ చేస్తదన్నట్టు."

"అవును అమ్మమ్మా, నువ్వే గెలిచినవ్. జర జాగ ఇయ్యి."

"ముందుగాల అదేందో చెప్పు."

"ప్రొటీన్. ఎలుకది."

"ఎలుకదా! కొండగట్టు ప్రసాదం పక్కన పెట్టాల్నా?"

"ఎలుక లేదు అమ్మమ్మా. ఎట్ల చెయ్యాల్నో చెప్పే రాత ఒక్కటే ఎలుకది. గా రాతను బాక్టీరియాకు ఇస్తే అవే చేసినయి."

"వంట ఎలుకది, వండింది వేరేటోళ్లు. మరి ఇది చేసే పనేంది?"

"కణంల ప్రొటీన్ తయారు కావాలంటే, ముందుగాల ఎవరో ఒకరు రాత మొదలు పట్టుకొని పని షురూ చేయించాలె. గిది ఆ మొదలు పట్టుకుంటది."

"బతుకమ్మ కాడ పాట ఎత్తుకునేటామె లెక్క."

"అచ్చం గంతే. ఆమె లేకపోతే తక్కినోళ్లంత ఒకరి మొఖం ఒకరు చూసుకుంట నిలబడుతరు."

మా గల్లీలో పాట ఎత్తుకునేది నేనే. అది తెలిసే అన్నది, గడుసుది. బటన్ మీంచి వేలు తీశాను. ఆ ఫ్రిజ్ కొన్నాక మంచు కరిగించని నెల అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. పిల్ల ఒకటే పరేషాన్. ఊరికే వచ్చి తలుపు తీయబోతుంటే, కుర్చీ తెచ్చి ఫ్రిజ్‌కు అడ్డం వేసుకొని కూర్చున్నాను.

"ఒక్కసారి చూస్త."

"నువ్వు చూస్తే చల్లగైతదా? తలుపు తీసినకొద్దీ వేడి లోపటికి పోతది."

"కరిగితేనో?"

"గంత మంచు ఒక్క గంటల కరిగేదైతే నాకు నెలనెలా గీ తిప్పలెందుకు?"

పైకి అలా అన్నానే గానీ, కరెంటు వచ్చేదాకా నేనూ ఆ కుర్చీలోంచి లేవలేదు. తలుపు తీసి చూస్తే మంచు గట్టిగానే ఉంది, దాని నడుమ గొట్టం పెట్టినది పెట్టినట్టే ఉంది. సోమవారం పొద్దున నా ఫ్రిజ్‌లోని మంచే గీకి, స్టీలు డబ్బాలో నింపి, అందులో దాన్ని గుచ్చి పంపాను.

ఆ తరువాతి వారం ఒక సాయంత్రం వాకిట్లోంచే అరుచుకుంటూ వచ్చింది. "రిజల్ట్ వచ్చింది అమ్మమ్మా!" ఫోన్‌లో ఏదో బూడిదరంగు బొమ్మ చూపించింది. దానిలో నల్లగా చిన్న చార.

"గీ మసి చారకా నా శనివారం పోయింది?"

నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టింది. నా చీర కొంగు తడిసింది.

తరువాతి నెల రెండో శనివారం తాంబాళం తోస్తుంటే ఫ్రిజ్ ఊగలేదు. వంగి చూశాను. ఆ రంగుల కాగితాన్నే నాలుగు మడతలు పెట్టి, ఊగే కాలు కింద ఎవరో దూర్చారు. కొత్త ఫ్రిజ్ బొమ్మ సరిగ్గా కాలి కింద నలుగుతోంది.