మా అత్తమ్మకు సీరియల్ చదివిందెవరు?

దయ్యాల మాట ఎత్తితే నవ్వి అవతల పారేసే ఇల్లు మా పుట్టిల్లు. జడ్చర్లలో మా బాపు బడిపంతులు. చీకట్లో ఏదో కనబడిందని ఎవరైనా అంటే, ముందు కళ్ళు చూపించుకోమనేవాడు. నేనూ ఆ ఇంటి పిల్లనే. ఇప్పటికీ దయ్యాలున్నాయని నా నోటితో అనను. జరిగింది మాత్రం చెప్తాను.

అరవైల్లో నన్ను పోచంపల్లికి ఇచ్చారు. నేతవాళ్ల ఇల్లు. లోపలి గదిలో, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే గుంట మగ్గం మీద మా ఆయన చీరలు నేసేవాడు. అత్తమ్మ పక్కనే కూర్చుని చరఖా మీద కండెలకు దారం చుట్టేది. ఆమెకు చూపు చాలావరకు పోయింది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. పంతులు బిడ్డను కదా, నేను దారం ముట్టుకుంటే తెగేది. ఆ ఇంట్లో నాకు వచ్చిన పని చదవడమొక్కటే.

బాపు నా పేర చందా కట్టిన వారపత్రిక నా వెనకే అత్తగారింటికి వచ్చింది. మొదట్లో అత్తమ్మ "కాయితాలు సూసుకుంట కూసుంటే కడుపు నిండుతదా" అని ఎత్తిపొడిచేది. రంగూన్ వెళ్ళిన మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలి కథ ఒకటి సీరియల్‌గా వస్తుంటే ఓ మధ్యాహ్నం చదివి వినిపించాను. అంతే. ఆ తర్వాత టపా మనిషి వచ్చాడా అని నాకంటే ముందు ఆమే అడిగేది.

కోస్తావాళ్ల మాటలు ఆమెకు కొన్ని అర్థమయ్యేవి కావు. ఆపి, మన మాటల్లో చెప్పేదాన్ని. చివర్లో 'ఇంకా ఉంది' అన్నది కూడా గట్టిగా చదివేదాన్ని. అత్తమ్మ చరఖా ఆపి, "గా రాసెటోని చెయ్యి ఇరుగ, గీడనే ఆపిండు" అని తిట్టేది. ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. ఆ ఇంట్లో నేను పనికొచ్చే మనిషినని నాకు అనిపించింది అప్పుడే.

కాన్పుకు జడ్చర్ల వెళ్ళాను. ఆడపిల్ల. ఐదో నెలలో బిడ్డను తీసుకుని తిరిగి వచ్చేసరికి గూట్లో పత్రికలు కుప్పగా ఉన్నాయి. పైన అంటించిన చుట్టుకాగితాలు చింపకుండా అలాగే ఉన్నాయి. చింపేవాళ్లెవరు? మా ఆయనకు సంతకం తప్ప అక్షరం రాదు.

మొదటిది చింపబోతుంటే అత్తమ్మ అంది, "గిది సదివినవు కదనే. ఆమె గాజులు అమ్ముకుంటది గిండ్ల."

నవ్వి చింపాను. చదివాను. గాజులు అమ్ముకుంది.

రెండోదీ చింపకముందే చెప్పింది. మూడోదీ చెప్పింది. ఎవరు చదివారని అడిగాను.

"నువ్వే. మగ్గం కాడ కూసుండి. గీ నడుమ దగ్గకుంట సదువుతున్నవు."

చదివేటప్పుడు మధ్యమధ్య దగ్గి గొంతు సవరించుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు.

వయసు మీద పడిందిలే అనుకున్నాను. పక్కింట్లో ఎవరైనా చదివి ఉంటారనుకున్నాను. టపా మనిషిని అడిగితే ఆ పత్రిక ఊళ్ళో మా ఇంటికొక్కటే వస్తుందన్నాడు.

తర్వాత ఓ మధ్యాహ్నం రంగు నూలు ఆరవేస్తూ పెరట్లో ఉన్నాను. పాప మగ్గం గదిలో ఉయ్యాలలో పడుకుంది. అత్తమ్మ దాని పక్కనే ఉంది. భువనగిరి నుంచి వచ్చిన మా ఆయన ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, నన్ను చూసి నిలబడిపోయాడు. భుజం మీది మూట కింద పడింది.

"నువ్వీడున్నవా? మరి లోపట సదువుతున్నదెవలు?"

అప్పుడు విన్నాను. నా గొంతే. ఓడ రేవుకు చేరిందని చదువుతోంది. ఒక మాట దగ్గర ఆపి, అత్తమ్మకు మన మాటల్లో చెప్పింది.

బిడ్డ కోసం లోపలికి పరిగెత్తాను. గడప దాటగానే గొంతు ఆగిపోయింది. అత్తమ్మ కండె చుట్టుకుంటోంది. పాప లేచి ఉంది. ఎవరూ లేని మగ్గం గుంట వైపు చూసి నవ్వుతోంది. ఎత్తుకుంటే నా చేతుల్లోంచి అటే వంగి, చేతులు చాచి ఏడ్చింది. నా బిడ్డ నన్ను వదిలి నా గొంతు దగ్గరికి పోతానంటోంది. అంత భయం నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు.

ఓడ రేవుకు చేరిన సంచిక ఆ తర్వాత గానీ టపాలో రాలేదు. నేను పెరట్లో విన్న మాటలే అచ్చులో ఉన్నాయి.

బాపు కూతురినై ఉండి కూడా పాప మెడలో తాయెత్తు నేనే కట్టాను. దాన్ని చంక దించలేదు. ఆ గదిలోకి ఒంటరిగా పోనివ్వలేదు. కానీ మగ్గం అక్కడే, మా తిండి దాని మీదే. 'వచ్చే వారం ముగింపు' అని పత్రికలో పడింది. మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు. కథ ఒడిస్తే అది గూడ పోతది."

ఆఖరి సంచిక వచ్చిన రోజు పాపను ఒళ్ళో గట్టిగా పట్టుకుని చదివాను. మా ఆయన గడపలో నిలబడ్డాడు. మొగుడు ఇల్లు చేరాడు, ఆమె తలుపు తీసింది. "సమాప్తం" అని గట్టిగా, రెండుసార్లు చదివాను. అత్తమ్మ కళ్ళు తుడుచుకుని చరఖా ఆపింది. హమ్మయ్య అనుకున్నాను.

మగ్గం గుంటలోంచి, నా గొంతుతో, దగ్గకుండా వినబడింది.

"ఇంకా ఉంది."

పాప కిలకిల నవ్వి అటు చేతులు చాచింది.

కథ ఇంకా ఉందని అందో, తను ఇంకా ఉన్నానని అందో నాకు తెలియదు. ఆ వారంలోనే భువనగిరిలో కిరాయి ఇల్లు చూసుకుని మగ్గం తరలించాం. అత్తమ్మ బతికినన్నాళ్ళు చదవమని అడిగింది. నేను పైకి చదవలేదు, చందా కూడా మళ్ళీ కట్టలేదు. అది ఏమిటో, నా గొంతు దానికెందుకో, ఇన్నేళ్ళు ఆలోచించినా అంతు చిక్కలేదు.

నా కూతురికి ఇదేదీ చెప్పలేదు. ఇప్పుడు తనకూ పిల్లలు. కానీ ఎప్పుడైనా పొరపాటున నేను మందుసీసా మీది అక్షరాలు పైకి చదివితే, పక్క గదిలోంచి వచ్చి ముందు నా పెదవుల వైపు చూస్తుంది. అవి కదులుతున్నాయని చూసుకున్నాకే నాతో మాట్లాడుతుంది. ఎందుకలా చూస్తావని అడిగే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు.