ఆళ్లగడ్డ బస్సెక్కిన సైకిలు స్టాండు

మొన్న ఆదివారం మా మనవరాలు తన ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టి, అందులో నాలుగు రకాల సైకిలు స్టాండ్ల బొమ్మలు చూపించి, వీటిలో ఏది తీసుకోవాలో చెప్పమంది. ఆ పిల్ల స్నేహితురాళ్లతో కలిసి నెలకొకసారి అవుకు రిజర్వాయరు దాకా సైకిలు తొక్కి వస్తుంది. దారిలో గొలుసు ఊడినా, బ్రేకు పట్టేసినా ఎవరి కోసమూ చూడకుండా తామే బాగు చేసుకోవాలని, మడిచి వెంట తీసుకుపోయే స్టాండు ఒకటి కొనాలని వాళ్ల ఆలోచన. ఇంట్లో ఇంజనీరింగు చదివినవాళ్లు ఇద్దరున్నా ఈ సంగతి నన్నే అడిగినందుకు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు, ఎందుకంటే ఈ విషయంలో నాకంటే తెలిసినవాళ్లు మా ఇంట్లోనే కాదు, నంద్యాల మొత్తంలోనూ ఎక్కువమంది ఉండరు. రంగు చూడొద్దని చెప్పాను. అది సైకిలును ఎక్కడ పట్టుకుంటుంది, కాళ్లు ఎటువైపు చాస్తుంది, నువ్వు ఒక్కదానివే దాన్ని ఎత్తి నడవగలవా, ఈ మూడూ చూసి తెచ్చుకోమన్నాను. పిల్లకు అంతవరకు చాలు. మిగిలినది, పంక్చరు వేయించుకోవడానికి అరగంట నిలబడిన కాలం ఎరిగిన మీలాంటివాళ్లకు చెప్పుకోవాలనిపించింది.

నా పెళ్లినాటికే మా ఆయనకు నూనెపల్లె పోయే దారిలో సైకిలు షాపు ఉండేది. షాపు అంటే ఒక గది, ముందర రేకుల పంచ, పంచ దూలానికి వేలాడే తాడు, తాడు చివర సైకిలును ఒక చివర పైకెత్తి తగిలించే కొక్కెం, పక్కన ట్యూబులు ముంచి చూసే నీళ్ల బేసిను. ఆయన అన్నానికి ఇంటికి వచ్చినప్పుడు షాపు ఊరికే వదలకూడదని నేను పోయి కూర్చొనేదాన్ని, అలా కూర్చొని కూర్చొని మొదట పంక్చర్లు, తరువాత బ్రేకు రబ్బర్లు, చివరికి రిమ్ము వంకర తీయడం కూడా నేర్చుకున్నాను. రిమ్ము పని అందరికీ రాదు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చప్పుడు వింటామే, స్పోకును కూడా అలాగే మీటి వినాలి, వదులుగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది. ఆ చప్పుడు నా చెవికి ఆయన చెవికంటే త్వరగా దొరికేది, ఆ మాట ఆయనే నలుగురిలో అనేవారు.

పెళ్లయిన పన్నెండో ఏట, వానలకు ముందు పంచ రేకులు సర్దుతూ ఆయన నిచ్చెన మీదనుంచి జారి పడ్డారు. నడుము పూస దెబ్బతింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచుకొని పంపిస్తూ డాక్టరు చెప్పినది రెండే మాటలు, ఇక గొంతు కూర్చోకూడదు, బరువులు ఎత్తకూడదు. సైకిలు పని చేసే మనిషికి ఆ రెండూ కూడదంటే ఇంకేమి మిగిలింది? ఆయన ఇంటికి వచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. షాపు తెరిచావా అని కూడా అడగలేదు. ఆ మాట అడగకపోవడమే నన్ను ఆయన నొప్పికంటే ఎక్కువ భయపెట్టింది.

షాపు నేనే తెరిచాను. చీర కొంగు బిగించుకొని, సైకిలును తలకిందులు చేసి, ఆయన కూర్చొనే చోటే గొంతు కూర్చున్నాను. కొందరు నన్ను చూసి సైకిలు మళ్లించుకొని పోయేవారు. పక్క వీధి పెద్దమనిషి ఒకాయన మా అత్తతో, ఆడమనిషి రోడ్డు మీద కూర్చొని చేతులకు గ్రీసు పూసుకుంటే మర్యాదగా ఉంటుందా అని అడిగితే, మా అత్త వక్క కొరుకుతూనే జవాబు చెప్పింది.

"చేన్లో బురద పూసుకుంటే లేని నామర్దా గ్రీసు పూసుకుంటే వస్తాదా? నీ సైకిలు బాగు చేయించుకుంటావా, పోతావా?"

ఆయన చేయించుకొనే పోయాడు.

మా వీధిలో ఒక పెద్ద టీచరమ్మ ఉండేది. ఆమె ఆళ్లగడ్డలో ఆడపిల్లల బడికి పెద్ద, రోజూ బస్సులో పోయి వచ్చేది. చుట్టుపక్కల పల్లెల పిల్లలు నడవలేక బడి మానుకుంటున్నారని, ఆ ఊరివాడైన ఒక దాత ఆ బడికి సైకిళ్లు కొనిచ్చాడు. కొనివ్వడం సులభమే, వాటిని నడిపించడమే కష్టం. చెడిపోయిన సైకిలును షాపులో వదిలితే పిల్ల ఆ పూట ఇంటికి ఎలా పోవాలి? అందుకని ఎవరైనా బడిలోకే వచ్చి చేయాలి, ఆడమనిషైతే మరీ మంచిది. ప్రతి శనివారం రాగలవా అని ఆమె అడిగితే నేను వెంటనే సరేనన్నాను. నంద్యాలలో వెనక్కు మళ్లిపోయే సైకిళ్ల లోటు ఆళ్లగడ్డ కూలితో పూడుతుందని నా లెక్క.

కానీ బడిలో దూలం లేదు, తాడు లేదు. ముప్పై సైకిళ్లను ఒక్క పూటలో తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, ప్రతిదాని ముందూ కూర్చొని లేస్తే సాయంత్రానికి నా నడుము కూడా మా ఆయన నడుము పక్కన చేరేలా ఉంది. వేపకొమ్మకు తాడు కట్టి చూశాను. పెడలు తిప్పితే చక్రానికి బదులు సైకిలే గిర్రున తిరిగింది, పిల్లలు ఒకటే నవ్వు. అప్పుడు నంద్యాలలో వెల్డింగు చేసే భాయ్ దగ్గరికి పోయి, ఒక నిలువు పైపు, దానికి అడుగున అటొకటి ఇటొకటి నేలకు ఆనే వెడల్పు పట్టీల్లాంటి రెండు కాళ్లు, పైన సైకిలును తగిలించే కొక్కెం పెట్టించుకున్నాను. చూడటానికి ఎంతో నాజూకుగా ఉంది. ఆ అందమే నన్ను మోసం చేసింది.

రెండో శనివారం, ఒక పిల్ల సైకిలును దానికి తగిలించి, నేను స్పానరు కోసం సంచిలోకి వంగానో లేదో, స్టాండూ సైకిలూ కలిసి ముందుకు ఒరిగి బండ మీద పడ్డాయి. పిల్లలెవరికీ తగలలేదు, అది నా పుణ్యం. సైకిలు ముందరి చక్రాన్ని పట్టుకొనే ఫోర్కు మాత్రం వంగిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు. నిలబడి సైకిలు వైపు చూస్తూ, ఇది చెడిపోతే బడి మాన్పిస్తానని మా నాయన చెప్పినాడు అంది, అంతే. పెద్ద టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి, నిలబడే స్టాండు తెచ్చుకుంటేనే మళ్లీ రమ్మంది. ఆమె మాటలో తప్పేమీ లేదు.

నేను వంగిన సైకిలును ముందరి చక్రం పైకెత్తి తోసుకుంటూ ఆ పిల్లతో వాళ్లింటికి నడిచాను. కడప రోడ్డు పక్కన, బడికి మూడు మైళ్ల దూరంలో, వాళ్ల నాయన దేవతా విగ్రహాలు చెక్కే శిల్పి. మేము పోయేసరికి ఆయన పందిట్లో ముడి రాయి ఒకదాన్ని పైకి లేపుతున్నాడు. మూడు లావుపాటి దుంగలు పైన ఒకచోట కట్టి, కింద వెడల్పుగా చాపి, మధ్యలో గొలుసు వేలాడదీసి, అంత రాయిని ఒక్కడే అంగుళం అంగుళం లేపుతున్నాడు. రాయిని కిందికి దించేదాకా మా వైపు చూడలేదు. తరువాత సైకిలును చూశాడు.

"ఏందీ ఇది?"

"తప్పు నాదన్నా, పిల్లది కాదు. నేను పెట్టిన స్టాండు పడింది. సోమవారానికి కొత్త ఫోర్కు తెచ్చి ఈడనే బిగించి పోతా. పిల్లను మాత్రం బడి మాన్పించొద్దు."

ఆయన స్టాండు ఎట్లుంటుందో గీసి చూపమన్నాడు. నేను రాతి పొడిలో వేలితో గీశాను. ఒక చూపు చూసి, తన మూడు దుంగల వైపు చెయ్యి చూపించాడు.

"బరువు కాళ్ల నడుమ పడాలమ్మా. బయట పడితే దేవుడైనా కింద పడతాడు. నీ సైకిలు బరువు యాడుంది, నీ కాళ్లు యాడుండాయి?"

నిజమే. సీటు దగ్గర పట్టుకుంటే సైకిలు బరువంతా ముందరి చక్రం వైపు ఉంటుంది, నా స్టాండుకు అటువైపు కాలే లేదు. ఇంత చిన్న సంగతి రిమ్ము చప్పుడు వినగలిగిన నాకు తట్టలేదే అని సిగ్గేసింది, కానీ ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు, బస్సులో కూర్చొనేసరికే మూడు కాళ్లు కళ్ల ముందు కదలసాగాయి.

ఇంటికి వచ్చి, గోడవైపు తిరిగి ఉన్న మా ఆయనకు జరిగిందంతా చెప్పాను. మూడు కాళ్లు పెట్టించి పైనుంచి తాడుతో వేలాడదీస్తానన్నాను. ఆయన మెల్లగా ఇటు తిరిగారు.

"తాడు పనికి రాదు. ఊగుతాంటే బ్రేకు ఎట్ల సరిచేస్తావు? సీటు కింది కడ్డీని పట్టుకోవాల. ఫ్రేమును పట్టుకుంటే నొక్కుకపోతాది."

పడిన తరువాత ఆయన సైకిలు గురించి మాట్లాడటం అదే మొదలు. ఇంకేమంటారోనని నేను మంచం పక్కనే కూర్చున్నాను. కడ్డీని పట్టే రెండు చెక్క దవడలు, వాటి లోపల పాత టైరు ముక్క, బిగించడానికి రెక్కల నట్టు, ముందుకు చాచే కాలు మిగతా రెండింటికంటే జానెడు పొడుగు, ఇవన్నీ ఆయన పడుకొనే చెప్పారు. ఒక్క విషయంలో మాత్రం మాకు పేచీ వచ్చింది. ఆయన లావు పైపు వేయించమన్నారు, షాపులో పది కాలాలు ఉంటుందని. నేను సన్న పైపు కావాలన్నాను. ఒక్కటే చేయించుకోగలం, రెండు కాదు.

"మోసేది నేను," అన్నాను.

"అయితే సన్నదే వేయించు. మోసేవాళ్లకే తెలుస్తాది," అన్నారు.

సోమవారం పోయి శిల్పి వాకిట్లో ఫోర్కు బిగించాను, ఆయన ఉలి ఆపి అంతా చూసి, రేప్పొద్దున బడికి పో అని కూతురికి చెప్పాడు. ఆ శనివారానికే కొత్త స్టాండు తయారైంది. మడిచి గోనెసంచిలో చుట్టి బస్సెక్కితే, కండక్టరు దాని వైపు అనుమానంగా చూసి, ఏందక్కా ఇది తుపాకీనా అన్నాడు. సైకిళ్ల సింహాసనం అన్నాను. బడిలో దానికి మొదటి సైకిలును బిగించి, పెద్ద టీచరమ్మ ముందరే హ్యాండిలు పట్టుకొని గట్టిగా లాగాను. కదలలేదు. ఆమె గంట కొట్టించి మిగతా పిల్లలను పిలిపించింది.

శనివారం తప్ప మిగతా రోజుల్లో అది నంద్యాల షాపులోనే ఉండేది. ఒకరోజు పొద్దున ఆయన కర్ర పట్టుకొని మెల్లగా నడిచి వచ్చారు, ఊరికే చూసిపోదామని. స్టాండు మీద ఒక సైకిలు ఉంది. నా ఎద ఎత్తుకు పెట్టించిన దవడలు ఆయనకు పొట్ట పైదాకా వచ్చాయి.  ఎత్తు స్టూలు ఒకటి దగ్గరికి లాక్కొని కూర్చొని, చెయ్యి చాచి వెనక చక్రం తిప్పారు. వంగలేదు, గొంతు కూర్చోలేదు, బరువు ఎత్తలేదు. చక్రం ఆగాక ఒక స్పోకు మీటి, నా వైపు చూసి, "ఇది వదులే కదా?" అన్నారు. అవునన్నాను. టీ తెస్తానని చెప్పి బయటికి వచ్చి, టీ కొట్టు దాటి చాలా దూరం నడిచిన తరువాత గాని నాకు టీ సంగతి గుర్తు రాలేదు.

ఆ స్టాండును నేను నా కోసం చేయించుకున్నాను, అది ఆయనకు కూడా పనికొస్తుందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. సైకిలును ఎత్తి బిగించడం నా పని, మిగతాది ఇద్దరం. ఆ తరువాత ఆయన ఇరవై ఏళ్లు పని చేశారు. నేను ఆళ్లగడ్డకు పదేళ్లకు పైగా పోయాను. శిల్పి కూతురు పదో తరగతి పాసయ్యిందని విన్నాను, ఆపైన కబురు తెలియదు. మా ఆయన పోయి ఇప్పటికి ఆరేళ్లు, షాపు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు.

ఒక్కటి మాత్రం తరచు తలచుకుంటాను. కింద కూర్చొని పని చేసినన్నాళ్లు వచ్చినవాళ్లు మా నెత్తి మీదనుంచి మాట్లాడేవారు, తొందరగా కానీ అని పైనుంచి ఒక కేక పడేది. పని ఎత్తుకు లేచాక మొహాలు ఎదురెదురుగా వచ్చాయి. ఒరే అన్న నోళ్లే అన్నా అన్నాయి, సైకిలు పని అయ్యేలోగా వానలు, పంటలు, కూతుళ్ల చదువులు అన్నీ దొర్లేవి, కొందరైతే పని అయిపోయాక కూడా సీటు మీద చెయ్యి వేసుకొని ఇంకాసేపు నిలబడేవారు. ఇప్పుడు నంద్యాలలో ఏ షాపుకు పోయినా మంచి స్టాండ్లే ఉన్నాయి, పనివాళ్లు నిటారుగా నిలబడే చేస్తున్నారు, అది చూస్తే నాకు సంతోషమే. బండి వదిలి, నంబరు చెప్పి, అయ్యాక ఫోను చేయమని వెళ్లిపోతారు వచ్చినవాళ్లు. తల ఎత్తి పలకరించడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.